ఎమర్జెన్సీ కాలంలో మన హోసూరు సరిహద్దు (1975–77)

1975 జూన్ 25 రాత్రి ప్రకటించి, 1977 మార్చి 21న ఎత్తివేసిన అత్యవసర పరిస్థితిని మన పెద్దలు ఇప్పటికీ 'ఎమర్జెన్సీ' అనే అంటారు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి రెండూ ధర్మపురి జిల్లాలోనివి. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో.

మన ప్రాంతానిది వేరే అనుభవం. మద్రాసులోని డి.ఎం.కె. ప్రభుత్వం ఎమర్జెన్సీని బాహాటంగా వ్యతిరేకించింది. జూజువాడి దాటి అత్తిబెలెలో కాలు పెడితే దేవరాజ్ అరసు గారి కాంగ్రెస్ ప్రభుత్వం. పత్రికలకు సెన్సారు రెండు వైపులా ఉన్నా, ఏడు నెలలపాటు ఇటువైపు జనం కాస్త ధైర్యంగా మాట్లాడుకున్నారు. 1976 జనవరి 31న ఆ ప్రభుత్వాన్ని రద్దు చేశారు. వెంటనే అరెస్టులు మొదలయ్యాయి. మద్రాసు సెంట్రల్ జైలులో రాజకీయ ఖైదీలను కొట్టిన ఘటనలపై తరువాత జస్టిస్ ఇస్మాయిల్ కమిషన్ విచారణ జరిపింది. దెబ్బలు తిన్న మాజీ మేయరు చిట్టిబాబు 1977 జనవరిలో మరణించారు.

'మీసా' అనేది 1971 నాటి చట్టం. ఎమర్జెన్సీలో చేసిన సవరణలతో, ఎందుకు పట్టుకున్నారో ఖైదీకి చెప్పనక్కరలేదు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అలాంటివారు హైకోర్టుకు వెళ్లే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. మీసా కిందా, భారత రక్షణ నిబంధనల కిందా దేశమంతటా లక్షా పదివేల మందికి పైగా నిర్బంధం పాలయ్యారని షా కమిషన్ లెక్క.

మనకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఒక తెలుగువారి ఇంట జరిగింది చూడండి. నెల్లూరు కవి, 'సంస్కార' చిత్ర దర్శకుడు పఠాభి (పట్టాభిరామిరెడ్డి) భార్య స్నేహలతారెడ్డి గారు. ఆ చిత్రంలో చంద్రి ఆవిడే. జార్జి ఫెర్నాండెజ్ ఎక్కడున్నాడో చెప్పమని ఆయన తమ్ముడు లారెన్స్‌ను 1976 మే 1న పట్టుకెళ్లి హింసించారు. మర్నాడే స్నేహలత గారిని పట్టుకున్నారు. ఉబ్బసం రోగి. నేరం రుజువు కాకుండానే ఎనిమిది నెలలు బెంగళూరు జైలులో ఉంచారు. 1977 జనవరి 15న పెరోల్‌పై వదిలారు, 20న ఆవిడ కన్నుమూశారు. స్నేహితుడి జాడ తెలిసి ఉండవచ్చనే అనుమానమే చాలింది.

మామూలు ఇళ్లలో అంత జరగలేదు. నేనప్పుడు హైస్కూలు పిల్లవాణ్ణి. మా నాన్నగారు రాత్రిళ్లు బీబీసీ తమిళ వార్తలు పెట్టుకునేటప్పుడు వీధి కిటికీ మూయమనేవారు. పక్కింటి మామ ఒకరోజు మఫ్టీలో ఉన్న పోలీసుతో టీకొట్టు దగ్గర నిలబడి మాట్లాడటం ఎవరో చూశారు. ఆ రోజుతో మా అరుగు మీద ఆయనకు కాఫీ ఆగిపోయింది. అడిగినవారు లేరు. ఆ పోలీసు ఆయన భార్య వైపు బంధువని ఎత్తివేత తరువాత తెలిసింది. నాన్నగారు వెళ్లి పలకరించారు, ఆయన కూడా మర్యాదగానే మాట్లాడారు. కానీ మళ్లీ మా అరుగెక్కలేదు.

1978లో 44వ సవరణ 'అంతర్గత కల్లోలం' అనే కారణాన్ని తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టింది. ప్రాణ, స్వేచ్ఛల హక్కును ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయకూడదంది. 1976 నాటి ఆ తీర్పును సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తోసిపుచ్చింది. ఉత్తరాలను మధ్యలో ఆపే అధికారం మాత్రం 1898 తపాలా చట్టం నుంచి 2023 నాటి కొత్త చట్టంలోకి కూడా వచ్చింది.