ఊరికే వచ్చిన కాపలా: ఉచిత యాంటీవైరస్ పుట్టుపూర్వోత్తరాలు

హుజూర్‌నగర్‌లో 2010 ప్రాంతంలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు షార్ట్‌కట్ వైరస్ గురించి వేరే చెప్పక్కర్లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకో, హాల్‌టికెట్‌కో పెన్‌డ్రైవ్ పట్టుకుని నెట్ సెంటర్‌కో జిరాక్స్ షాపుకో వెళ్లడం, ప్రింటు తీసుకుని ఇంటికొచ్చి అదే పెన్‌డ్రైవ్‌ను సొంత సిస్టమ్‌కు పెట్టడం. తెరిచి చూస్తే ఫోల్డర్ల జాగాలో అవే పేర్లతో షార్ట్‌కట్లు ఉండేవి. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోయేవి కావు. వైరస్ వాటిని దాచేసి, పైన తన షార్ట్‌కట్ పెట్టేది. దాన్ని నొక్కితే ఫోల్డరూ తెరుచుకునేది, వెనకాల వైరస్సూ నడిచేది. అందుకే చాలామందికి అనుమానమే వచ్చేది కాదు. పని తెలిసిన కుర్రాడెవరైనా నల్ల తెర తెరిచి 'అట్రిబ్' అని కొట్టి, పక్కన మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ చేరిస్తే దాగిన ఫోల్డర్లన్నీ బయటికొచ్చేవి. ఆ కుర్రాడు దొరకని ఇళ్లలో ఫార్మాట్ కొట్టించేవాళ్లు. పెళ్లి ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు దాంతోనే పోయేవి.

ఏ యాంటీవైరస్ వేయాలి, అది కూడా డబ్బులు పెట్టకుండా? అప్పట్లో ప్రతి ఇంట్లో ఇదే ప్రశ్న. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఫలానాది వేసుకోండి అని ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఉచితం ఎక్కడ పుట్టింది, దాని ఖర్చు ఎవరు మోశారు అన్నది తెలిస్తే ఎవరికి వాళ్లే ఎంచుకోగలరని నా నమ్మకం.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తనంతట తాను పాకే ప్రోగ్రామ్ 1971లోనే వచ్చింది. అమెరికాలోని బీబీఎన్ సంస్థలో బాబ్ థామస్ రాసిన 'క్రీపర్' అది. ఎవరికీ కీడు చేయలేదు, ప్రయోగం కోసం రాసింది. దాన్ని వెతికి తుడిచేయడానికి రే టామ్లిన్సన్ 'రీపర్' రాశాడు. ఈమెయిల్ చిరునామాలో యాట్ గుర్తు పెట్టింది కూడా ఈయనే. అంటే వైరస్‌కు తొలి విరుగుడు అమ్మకానికి పుట్టలేదు.

మనం వాడే పీసీలకు అంటుకున్న తొలి వైరస్ మాత్రం మన పొరుగున పుట్టింది. లాహోర్‌లో బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు వైద్యానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు. దానికి దొంగ కాపీలు తీసేవాళ్ల ఆనవాలు పట్టాలని 1986లో 'బ్రెయిన్' రాశారు. ఫ్లాపీలో కంప్యూటర్ మొదట చదివే బూట్ సెక్టార్‌లో అది కూర్చునేది. అందులో తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబరు కూడా రాసిపెట్టారు. ఫ్లాపీ చేతులు మారినకొద్దీ అది దేశాలు దాటింది. 1990లో మన దేశంలో 'జోషి' బయటపడింది. జనవరి 5న కంప్యూటర్ ఆన్ చేస్తే పని ఆగిపోయి, 'హ్యాపీ బర్త్‌డే జోషి' అని టైప్ చేయమని తెర మీద కనిపించేది. అలా టైప్ చేస్తేనే వదిలేది.

ఈ మధ్యలోనే అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధకుడు వైరస్‌ల మీద సిద్ధాంత గ్రంథం రాస్తూ ఒక సంగతి గణితంతో నిరూపించాడు. ఎదుట పెట్టిన ప్రతి ప్రోగ్రామ్‌నూ చూసి ఇది వైరస్, ఇది కాదు అని ఎన్నడూ పొరపడకుండా తేల్చే ప్రోగ్రామ్ రాయడం ఎవరి తరమూ కాదన్నాడు. 'నూటికి నూరు శాతం రక్షణ' అని అట్టపెట్టె మీద అచ్చు వేసుకున్నా నమ్మనక్కర్లేదని చెప్పడానికి ఆ రుజువు చాలు. డబ్బు పెట్టి కొన్నదైనా ఉచితంగా వచ్చిందైనా ఈ హద్దు రెండింటికీ ఒకటే.

1987లో కాలిఫోర్నియాలో జాన్ మెకాఫీ తన కంపెనీ పెట్టాడు. ఇంటర్నెట్ జనంలోకి రాని రోజులవి. ఫోన్ లైన్ల మీద నడిచే బులెటిన్ బోర్డులుండేవి. వాటిలో తన వైరస్ స్కాన్‌ను పెట్టి, కావలసినవాళ్లు దించుకోండన్నాడు. ఇంట్లో వాడుకునేవాళ్ల వెంట డబ్బు కోసం పడలేదు, కంపెనీల దగ్గర మాత్రం లైసెన్సు రుసుము వసూలు చేశాడు. ఇంట్లో అలవాటైన సాఫ్ట్‌వేర్‌నే ఉద్యోగి ఆఫీసులోనూ అడుగుతాడు కదా. ఆ లెక్క గట్టిగా పనిచేసింది. ఇంటి వాడకందారుకు ఉచితం, ఖర్చు పెద్ద కంపెనీలది అనే పద్ధతి ఇక్కడే స్థిరపడింది.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. పుణేలో కైలాశ్ కట్కర్ క్యాలిక్యులేటర్లు బాగుచేసే పని చేసేవాడు. తర్వాత కంప్యూటర్ల రిపేరులోకి దిగాడు. వచ్చిన సిస్టమ్‌లలో చాలావాటికి జబ్బు వైరస్సే. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తమ్ముడు సంజయ్ వాటిని తుడిచే ప్రోగ్రామ్‌లు రాశాడు. 1990ల మధ్యలో అదే క్విక్ హీల్ అయింది. చెన్నైలో కే7 అంతకుముందే 1991లో మొదలైంది. ఇవి కొనుక్కోవలసినవి. మన ఊళ్లకు యాంటీవైరస్ మొదట చేరింది ఇలా అట్టపెట్టెలో సీడీగానే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయించుకుంటే దాంతోపాటు ఏడాది కీ ఒకటి వేసిచ్చేవాళ్లు. ఏడాది తిరిగాక రెన్యువల్‌కు డబ్బు కట్టిన ఇళ్లు తక్కువ. గడువు తీరిన యాంటీవైరస్ మూలన ఎర్ర గుర్తుతో కూర్చునేది. కొందరు క్రాక్ చేసిన కీలు వెతికేవాళ్లు. ఆ క్రాక్ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులోనే రాసి ఉండేది. కాపలా కోసం వెళ్లి ఉన్న తలుపు కూడా తీసిపెట్టడమే అది. ఈ ఒక్క పని ఎవరు చేస్తున్నా ఆపాలని ఈ రోజుకీ చెబుతాను.

ఆ ఖాళీలోకి వచ్చాయి చెక్ దేశపు ఉచిత యాంటీవైరస్‌లు. 1988లో ప్రాగ్‌లో గణిత యంత్రాల పరిశోధన సంస్థలో పనిచేసే పావెల్ బౌదిష్‌కు ఒక ఫ్లాపీలో 'వియన్నా' అనే వైరస్ కనిపించింది. దాన్ని తీసేసే ప్రోగ్రామ్ రాసి, సహోద్యోగి ఎడువార్ద్ కుచెరాతో కలిసి ఆల్విల్ అనే సహకార సంఘం పెట్టాడు. అప్పటికి అక్కడ కమ్యూనిస్టు పాలన, సొంత కంపెనీ పెట్టుకునే వీల్లేదు. పాలన మారాక అది కంపెనీ అయింది. పెద్ద కంపెనీల పోటీ తట్టుకోలేక మునిగే దశకు వచ్చినప్పుడు, 2001లో, ఇళ్లలో వాడుకునేవాళ్లకు అవాస్ట్‌ను పూర్తిగా ఉచితం చేశారు. బ్రనో నగరంలో 1991లో మొదలైన గ్రిసాఫ్ట్ కంపెనీ ఏవీజీని కూడా ఆ రోజుల్లోనే ఉచితంగా ఇచ్చింది. జర్మనీ నుంచి అవిరా ఉండనే ఉంది.

ఈ ఉచితం వెనక తెలివైన లెక్క ఉంది. కోట్ల ఇళ్లలో కూర్చున్న యాంటీవైరస్ కొత్త వైరస్ ఎక్కడ తగిలినా నమూనాను కంపెనీకి పంపుతుంది. ఎంత ఎక్కువమంది వాడితే అంత త్వరగా విరుగుడు తయారవుతుంది. ప్రచారం నోటి మాటగా జరిగిపోతుంది. నూటికి కొద్దిమంది డబ్బు కట్టి పెద్ద వెర్షన్ కొన్నా మిగతావాళ్ల ఖర్చు గడిచిపోతుంది. హుజూర్‌నగర్ లాంటి ఊళ్లో ఇంటికి నెట్ లేనివాళ్లు నెట్ సెంటర్‌లో అప్‌డేట్ ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్లు. అప్‌డేట్ అయ్యాక స్పీకర్లలోంచి ఆ సంగతి ఇంగ్లిష్‌లో చెప్పే అవాస్ట్ గొంతు ఎన్నో ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా కంఠస్థం.

కానీ ఆ లెక్క అక్కడితో ఆగలేదు. వాడుకునేవాళ్లు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్ముకుంటోందని 2020 జనవరిలో అమెరికా పత్రికలు బయటపెట్టాయి. వెంటనే జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంలో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలా ఉండాల్సినదే ఇంట్లో మాటలు బయట అమ్ముకోవడం చిన్న తప్పు కాదు. ఈలోగా యాజమాన్యాలూ మారాయి. ఏవీజీని 2016లోనే అవాస్ట్ కొనేసింది. అవిరాను నార్టన్ కంపెనీ కొంది, 2022లో అవాస్ట్ కూడా అందులో కలిసింది. ఇప్పుడు నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవిరా నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒక్క కంపెనీవే. దుకాణంలో పేర్లు నాలుగున్నా యజమాని ఒక్కడేనని ఎంచుకునేవాళ్లకు తెలిసి ఉండాలి.

మైక్రోసాఫ్ట్ ఈ పనిలోకి ఆలస్యంగా దిగింది. 2009 సెప్టెంబరులో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చింది. అయితే మొదట్లో అసలైన విండోస్ ఉంటేనే అది ఎక్కేది. దొంగ కాపీ విండోస్ వాడే ఇళ్లకు అందలేదు, అలాంటి ఇళ్లు మన దగ్గర కొల్లలు. 2011లో విండోస్ అప్‌డేట్ ద్వారా, పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ దానంతటదే నడిచే ఆటోరన్‌ను ఆపించింది. నా దృష్టిలో అది ఎన్నో యాంటీవైరస్‌ల కంటే ఎక్కువ మేలు చేసింది. 2012లో విండోస్ 8తో యాంటీవైరస్ విండోస్‌లోనే భాగమైపోయింది. ఇప్పటి డిఫెండర్ అదే. దీని ఖర్చు విండోస్ ధరలోనే ఉంది. తన విండోస్‌కు చెడ్డపేరు రాకుండా చూసుకోవడం ఆ కంపెనీకి అవసరం, ఆ అవసరం మనకు కలిసొచ్చింది.

యాంటీవైరస్ ఒక్కటే చాలదని చెప్పింది 2017 మే నెల. వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే, రెండు నెలల ముందే, వచ్చి ఉంది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. 2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్ర డిస్కంల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. హుజూర్‌నగర్‌కు కరెంటిచ్చే దక్షిణ డిస్కం కూడా అందులో ఉంది.

ప్రభుత్వం ఊరికే ఇచ్చే సాధనాల సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు. 2017 ఫిబ్రవరి 21న కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని మొదలుపెట్టింది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దాన్ని నడుపుతుంది. దొంగచాటుగా వేరేవాళ్ల అదుపులోకి పోయిన కంప్యూటర్లను శుభ్రం చేసేందుకు దేశీ యాంటీవైరస్ కంపెనీలు తయారుచేసిన సాధనాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. వాటి పక్కనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం తయారుచేసినవీ ఉన్నాయి. యూఎస్‌బీ ప్రతిరోధ్ పెన్‌డ్రైవ్‌ల మీద అదుపు కోసం, బ్రౌజర్ జేఎస్‌గార్డ్ వెబ్ పేజీల్లో దాగిన హానికర కోడ్ కోసం, ఎం-కవచ్ ఫోన్ల కోసం. నాకు బాగా నచ్చిన ఆలోచన యాప్‌సంవిద్‌ది. యాంటీవైరస్ దొంగల జాబితా పట్టుకుని వచ్చినవాడినల్లా పోల్చి చూస్తుంది. యాప్‌సంవిద్ ఇంట్లోవాళ్ల జాబితా పెట్టుకుని, అందులో లేనివాడిని లోపలికి రానివ్వదు. రోజుకో కొత్త ప్రోగ్రామ్ వేసే పిల్లలున్న ఇంట్లో ఇది విసుగు పుట్టిస్తుంది. రోజంతా అవే రెండు మూడు ప్రోగ్రామ్‌లు నడిచే మీసేవ కేంద్రం, జిరాక్స్ షాపు లాంటి చోట్లకు మాత్రం ఇదే సరైన పద్ధతి. పెన్‌డ్రైవ్ వైరస్ ఊరంతా తిరిగింది అలాంటి చోట్ల నుంచే కాబట్టి, ఈ పద్ధతి అక్కడ పాటించి ఉంటే ఎన్నో ఇళ్లు బాగుపడేవి.

ఇక ఈ రోజు ఇంటి కంప్యూటర్‌కు ఏం వేసుకోవాలి? విండోస్ 10, 11 ఉన్నవాళ్లు యాంటీవైరస్ కోసం వేరేగా ఏదీ వెతకనక్కర్లేదని నా అభిప్రాయం. డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరితే దాన్ని తీసేయండి, డిఫెండర్ దానంతటదే పనిలోకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిపితే ఒకదాన్నొకటి అడ్డుకుని సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. సెట్టింగ్స్‌లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఒకటుంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే గుర్తు తెలియని ప్రోగ్రామ్‌కు ఫోటోల ఫోల్డర్‌లో మార్పులు చేసే వీలుండదు. ఫోటోల కాపీ ఒకటి విడిగా హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని, కాపీ అయ్యాక కేబుల్ పీకేయండి. ఒక ఫైలు మీద అనుమానం ఉంటే వైరస్‌టోటల్‌లో పెట్టి చూడొచ్చు. స్పెయిన్‌లో 2004లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఆ సైటు ఒక్క ఫైలును పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో పరీక్షిస్తుంది. సొంత కాగితాలు, ఆధార్ కాపీలు మాత్రం అందులో పెట్టకండి, అక్కడ పెట్టిన ఫైళ్లను ఇతర పరిశోధకులూ చూడగలరు.

మన ఇళ్లలో ఇంకా చాలావాటిలో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. డిఫెండర్‌కు వైరస్ జాబితాలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని కంపెనీ చెప్పింది. డిఫెండర్ పచ్చ గుర్తు చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. జాబితాలు వస్తున్నా, అలా నమోదు చేసుకోనివాళ్ల విండోస్‌లో కొత్తగా బయటపడే కన్నాలు మాత్రం పూడవు. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌కు లినక్స్ మింట్ ఉచితంగా దొరుకుతుంది. ఆ సిస్టమ్‌లో పని బ్రౌజర్, ప్రింటరు, పిల్లల చదువు వరకే అయితే ఇప్పుడే మార్చుకోవచ్చు.