కడప కొండల అడవి: కూపు నుంచి కలివికోడి దాకా

పాలకొండలు, శేషాచలం, వెలిగొండలు, లంకమల అని చోటును బట్టి పేరు మార్చుకుంటూ కడప ప్రాంతం మీదుగా సాగే కొండల్లో వాన తక్కువ, నేల రాతినేల కావడంతో చెట్లు గిడసబారి పెరిగి వేసవిలో ఆకు రాలుస్తాయి. నీలగిరుల టేకు అడవులతో పోల్చి చూసే అధికారికి ఇది పేద అడవిగానే కనిపించింది. అయినా రంగు కోసం, రైలు కోసం, పుల్లరి కోసం, చివరికి ఒక పిట్ట కోసం ఈ అడవి మీద ఒకదాని వెంట ఒకటిగా లెక్కలు సాగాయి. ప్రతి లెక్కలోనూ ఒక సరుకు పద్దుకెక్కగా తక్కినవి పద్దు బయట మిగిలిపోయాయి.

మొదట పద్దుకెక్కింది ఎర్రచందనం. ఈ కొండల్లోనూ వాటి చుట్టుపక్కలా తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు చేవ నుంచి ఎర్రని అద్దకపు రంగు దిగుతుంది గనుక, డచ్చి వర్తకులు కోరమండల్ రేవుల నుంచి దుంగలను ఐరోపాకు ఓడల్లో తరలించారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రసాయనిక రంగులు రావడంతో ఆ గిరాకీ పడిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో జపాను వాద్యాల తయారీదారుల వల్ల ధర మళ్లీ పెరిగి, దొంగరవాణా ముదిరి, 1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేరింది.

మద్రాసు రాజధానిలో అడవులకు ప్రత్యేక శాఖ 1856లో ఏర్పడగా, దానికి తొలి కన్జర్వేటరు అయిన హ్యూ క్లెగ్‌హార్న్ వృత్తిరీత్యా వైద్యుడు. ఉష్ణదేశాల్లో అడవుల నాశనం గురించి 1851లో బ్రిటిష్ అసోసియేషన్‌కు నివేదిక ఇచ్చిన సంఘంలో ముఖ్యుడైన ఆయనకు, కొండ బోడి అయితే వాగులు ఎండుతాయన్న ఎరుక కలప ధరల గురించిన ఎరుకకు తీసిపోనంతగా ఉండేది. అయితే శాఖ ఏర్పడిన 1856లోనే మద్రాసు నుంచి తొలి రైలు బయలుదేరడంతో పట్టాల కింద వేసే కట్టె స్లీపర్లకూ ఇంజన్ల వంటచెరకుకూ గిరాకీ లేచి, నీటి మాట వెనక్కి పోయింది.

భారత ప్రభుత్వం 1878లో చేసిన అటవీ చట్టాన్ని మద్రాసు రెవెన్యూ బోర్డు చాలాకాలం ప్రతిఘటించింది. మేత, పచ్చిరొట్ట, కంపకట్టెల కోసం పల్లెవాళ్లు వాడుకోని అడవి రాజధానిలో దాదాపు ఎక్కడా లేదనీ, ఆ వాడుకను కాదనడం అన్యాయమనీ బోర్డు వాదించింది. వలస పాలనలోని ఒక శాఖ నుంచి ఇంత నిక్కచ్చి మాట రావడం అరుదే. చివరకు భారత ప్రభుత్వ అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిచ్ బ్రాండిస్ సలహాతో 1882లో మద్రాసుకు విడిగా చట్టం వచ్చింది. దాని ప్రకారం సెటిల్‌మెంట్ అధికారి ఊరివాళ్ల హక్కులను విచారించి, కొన్నిటిని ఒప్పుకొని, తక్కినవాటిని తోసిపుచ్చాక ఆ నేల రిజర్వు అడవి అయ్యేది. ఆ తర్వాత దాన్ని ఏటికొక ముక్క చొప్పున గీసి, కూపు అని పిలిచే ఆ ముక్కలను వరుస ప్రకారం నరికి, మోళ్ల నుంచి వచ్చే పిలకలను పెరగనిచ్చి, వరుస ముగిసేసరికి మొదటి కూపు మళ్లీ కోతకు వచ్చేలా ప్రణాళిక వేసేవారు. కట్టె వరకు ఇది చక్కని పద్ధతి. కానీ పిలకలను పశువులు మేస్తే పద్ధతి చెడుతుంది కాబట్టి కొట్టిన కూపును ఏళ్ల తరబడి మూసేవారు, తెరిచిన చోట పశువుకింతని పుల్లరి వసూలు చేసేవారు, హద్దు దాటిన మందను బందెలదొడ్డికి తోలేవారు. కరువు నేలలో పంట పోయినా బతుకు నిలిపేది మందే కనుక ఈ దెబ్బ రైతుకు నేరుగా తగిలింది. 1921లో సహాయ నిరాకరణ పిలుపు అందగానే రాయచోటి తాలూకాలోనూ, గుంటూరు జిల్లా పల్నాడులోనూ పల్లెవాళ్లు పుల్లరి కట్టకుండా పశువులను అడవిలోకి తోలారు.

కట్టె లెక్కలో విలువ లేనిదిగా మిగిలింది కొండపాదాల ముళ్లపొదల నేల. కలపా రాదు, మంచి గడ్డీ రాదు గనుక దాన్ని క్షీణించిన అడవి అన్నారు. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కి, 1900 తర్వాత ఎవరి కంటా పడక నశించిందనుకున్న జెర్డాన్స్ కోర్సర్ అనే రాత్రించర పక్షి, ఇక్కడివాళ్ల కలివికోడి, 1986 జనవరిలో లంకమల దాపున రెడ్డిపల్లి దగ్గర సరిగ్గా అలాంటి నేలలోనే దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడికి దాని జాడ చూపింది స్థానికుడైన ఒక పిట్టలు పట్టేవాడు. రెండేళ్లకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ పనులు 2005లో ఈ పక్షి నేలలోకి చొరబడటంతో వివాదం రేగి, చివరకు కాలువ దారి మార్చవలసి వచ్చింది.

ఈ పక్షికి కావలసింది పొదలకూ ఖాళీనేలకూ నడుమ ఉండే స్థితి: పొదలు మరీ ఒత్తయితే అది పరుగెత్తి పురుగులను ఏరుకోలేదు, మరీ పలచనైతే పగలు దాగలేదు. మందలూ కట్టెలు కొట్టేవాళ్లూ మితంగా తిరిగే చోట ఆ స్థితి నిలుస్తుందని, వాళ్లను పూర్తిగా ఆపితే పొదలు కమ్ముకుంటాయని, అతిగా వదిలితే నేల బోడి అవుతుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి. ఎర్రచందనానికి గొడ్డలి రాకూడదు, వాగుకు పైకొండ మీద పొద చెదరకూడదు, కలివికోడికి మాత్రం కింది వాలులో ఏ కొద్ది మేకలైనా తిరగాలి; అందుచేత మేతను ఒకప్పుడు శిక్షించదగిన నేరంగా చూసిన ప్రణాళికలోనే ఇప్పుడు ఎన్ని మేకలు, ఏ ముక్కలో, ఏ నెలలో అన్నది రాసుకోవలసి వస్తున్నది.