కూలగొట్టకుండా పెరిగిన ఇల్లు

ఈవేళ ఒక పాత రైతు ఇంటి చరిత్రను ధ్యానిద్దాం.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, డెడ్‌హామ్ పట్టణంలో ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు ఉంది. ఇంగ్లాండు నుండి వలస వెళ్లిన జోనాథన్ ఫెయిర్‌బ్యాంక్స్, భార్య గ్రేస్, వారి పిల్లలు అందులో కాపురమున్నారు. దూలాలలోని చెట్టు వలయాలను పరీక్షించగా, అది 1637–1641 మధ్య కట్టినదని తేలింది. ఉత్తర అమెరికాలో నేటికీ నిలిచియున్న కలప చట్రపు ఇళ్లలో అదే మిక్కిలి పాతదని చెబుతారు.

దానిని ఎలా కట్టారు? ఓక్ దుంగకు బెజ్జం తొలిచి, మరో దుంగ కొసను అందులో దూర్చి, చెక్క మేకులతో బిగించారు. నడుమ పొగగొట్టం, దానికి అటొక గది, ఇటొక గది, పైన మరి రెండు. మొదట అంతే. తర్వాత వెనుక వసారా దించారు. ఇంకా తర్వాత తూర్పు వైపు, పడమటి వైపు గదులు చేర్చారు. మొదటి చట్రాన్ని మాత్రం ఎవరూ కూలగొట్టలేదు. ఎనిమిది తరాలు అందులో బ్రతికాయి. ఇప్పుడది ప్రదర్శనశాల.

మరొక సంగతి వినండి. అంత గట్టి ఇల్లు కట్టించుకున్న జోనాథన్, విశ్వాసాన్ని అందరి ఎదుట ఒప్పుకొనే విషయంలో సందేహాలుండి, చాలాకాలం సంఘానికి ఎడంగా ఉన్నాడు. సంఘస్థులు ఆయనను తోసివేయలేదు. ప్రేమతో పలుమార్లు మాట్లాడారు. 1646లో సంతోషంగా చేర్చుకున్నారు.

దుంగను దుంగకు అతకాలంటే కొలత కావాలి, ఓర్పు కావాలి. మనిషిని సంఘానికి అతకాలన్నా అంతే. మీ మందిరంలో చివరి వరుసలో కూర్చుని, మౌనంగా వెళ్లిపోయే సహోదరుడు ఎవరు? ఈ వారం ఆయన ఇంటికి వెళ్లండి.