రంపము, చేతుల కుర్చీ, మట్టితట్ట

విలియమ్ హెబర్డెన్ అను లండను వైద్యుడు 1768లో తన తోడి వైద్యుల సభయందొక వ్యాసము చదివెను. నడుచుచుండగా, అందును ఎత్తెక్కునపుడును భోజనమైన వెంటనే నడచునపుడును, రొమ్మున హఠాత్తుగా పట్టు బిగిసి, ఇంకొక్క అడుగు వేసిన ప్రాణము పోవునేమో యని తోచి, నిలిచినంతనే మాయమైపోవు నొక బాధను ఆయన అందు వర్ణించి, దానికి ఆంజైనా పెక్టోరిస్ అని పేరుపెట్టెను. ఆ పేరే నేటికిని గుండె వైద్యుల నోట నిలిచియున్నది. చికిత్స మాట వచ్చునప్పటికి మాత్రము ఆయన చెప్పగలిగినది స్వల్పము: విశ్రాంతి, వెచ్చదనము, రాత్రివేళ కొంచెము నల్లమందు. కాని ఆయన మరణానంతరము 1802లో అచ్చైన వ్యాఖ్యాన గ్రంథమున ఈ స్వల్పమైన చికిత్సా భాగమునందే ఒక వింత ముక్క యున్నది. తా నెరిగిన రోగి యొకడు దినమున కరగంట చొప్పున రంపముతో కట్టెలు కోయుట నియమముగా పెట్టుకొని దాదాపు స్వస్థుడయ్యెనని.

ఆ రోగి పేరు లేదు, వయస్సు లేదు. కోసిన కట్టె పొయ్యిలోనికో, పడవకో తెలియదు. అయినను ఆ ముక్క చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమింతంత కాదు. శ్రమయే నొప్పిని పుట్టించునని లోకమునకు మొదట చాటిన వైద్యుడే, శ్రమచేత ఆ నొప్పి తగ్గిన మనుష్యుని కన్నులార చూచి, దాచిపెట్టక వ్రాసిపెట్టినాడు. కారణ మాయనకు తెలియదు. తెలియుటకు ఆ కాలమున సాధనములును లేవు. నేడు తెలిసినదేమనగా, నిత్యము క్రమముగా పనిచేయు కండరము రక్తమునుండి ప్రాణవాయువును మునుపటికంటె నెక్కువగా గ్రహించుట నేర్చుకొనును. అందువలన అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకొనిన చాలును, రక్తపుపోటును అంతగా పెరుగదు. నొప్పి మొదలగు హద్దు దూరముగా జరిగిపోవును. ఆ రంపమువాడు రోజున కరగంట చేసినది ఇదియే.

ఈ భావమునకు మన దేశమున బంధువులు లేకపోలేదు. ప్రమేహరోగి ధనహీనుడైనచో గొడుగును పాదరక్షలును విడిచి, భిక్షాన్నము తినుచు, ఊరికొక రాత్రి మాత్రమే నిలుచుచు, నూరు యోజనములు నడువవలెననియు, లేదా బావి త్రవ్వవలెననియు సుశ్రుతుడు విధించెను. అంతకంటె నాకు ప్రియమైనది ఆయన చెప్పిన కొలత. వ్యాయామమును బలములో సగమువరకే చేయవలెను. ఆ సగమును తెలుసుకొనుటకు గుర్తేమనగా, హృదయ స్థానమందలి వాయువు నోటివరకు వచ్చుట, అనగా నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చుట. తూనికయు గడియారమును లేని కాలమున రోగి తన దేహమునందే చదువుకొనదగిన కొలతను నిర్మించిన ఆ బుద్ధికి నమస్కరింపవలసినదే. అయితే మన పూర్వులకు సర్వమును తెలియునని చెప్పుట సత్యము కాదు. ఆ సుశ్రుతుడే శ్వాసకాసములు గలవారికి, క్షీణించినవారికి వ్యాయామము కూడదని నిషేధించెను. ఉబ్బసము గలవానిని నడిపింపవచ్చునను మాట రెండువేల యేండ్లకు గాని వైద్యమున స్థిరపడలేదు.

నడుమ శతాబ్దములను వేగముగా దాటవచ్చును. 1854లో డబ్లిన్ నగర వైద్యుడు విలియమ్ స్టోక్స్ తన హృద్రోగ గ్రంథమున క్రమముగా పెంచిన నడకను కొందరు రోగులకు విధించెను. 1865లో స్టాక్‌హోమ్ నగరమున గుస్తావ్ జాండర్ యంత్రములతో వ్యాయామము చేయించు శాలను తెరచెను. నేటి జిమ్ములలోని ఇనుప సరంజామా కంతకును ఆయన తాతవంటివాడు. 1880ల నడుమ మ్యూనిక్ వైద్యుడు ఓర్టెల్ గుండె బలహీనులను కొండలపై నడిపించెను. ఆల్ప్స్ ప్రాంతపు ఆరోగ్య గ్రామములలో బాటలను వాలునుబట్టి తరగతులుగా విభజించి, రోగి నేడు చదునుబాట, వచ్చేవారము కొంచెము ఏటవాలు, ఆ పై నెల నిలువుబాట యని మెట్టుమెట్టుగా ఎక్కునట్లు ఏర్పాటు చేసిరి. ఔషధమునకువలె నడకకు మోతాదు పెట్టిన ఆ సంప్రదాయము అట్లే సాగియుండినచో ఎన్ని లక్షల ప్రాణములు నిలిచెడివో!

సాగలేదు. 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, హృదయ ధమనిలో రక్తము గడ్డకట్టినను రోగి బ్రతికి బయటపడవచ్చునని విశదముగా వర్ణించి, బ్రతికినవానికి విశ్రాంతి ముఖ్యమనెను. ఆ విశ్రాంతి క్రమముగా భయముగా మారెను. 1939లో మాలరీ, వైట్, సాల్సెడో అను మువ్వురు, గుండెపోటుతో మరణించినవారి హృదయములను కోసి పరీక్షించి, చచ్చిన కండరము గట్టి మచ్చగా మారుటకు ఆరు వారములకు తక్కువ పట్టదని కనుగొనిరి. కండరము మానుటకు ఆరు వారములు కావున మనిషియు ఆరు వారములు కదలరాదనుట వినుటకు న్యాయముగానే యుండును. కాని రోగికి గుండెయే కాదు, కాళ్ళును ఊపిరితిత్తులును మనస్సును కూడ గలవను మాట నందు మరచిరి. రోగి వెల్లకిల పరుండవలెను. ఒకరి సాయము లేక ప్రక్కకు తిరుగరాదు. మొదటివారము ముద్ద యొకరు పెట్టవలెను. మలమూత్రములు పరుపుమీదనే బెడ్‌పాన్‌లో కావలెను. కాళ్ళలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి, గుండెపోటును గెలిచిన మనిషి మూడవవారమున హఠాత్తుగా పోవుచుండెను.

ఈ కథయందు నా మనస్సు విడువలేని ఘట్టము బోస్టను నగరమునందలి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిది. 1920ల తొలినాళ్ళలో ఆ యూరికి ఒక తెలుగువాడు చేరెను. భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు ఖద్దరు దుస్తులు ధరించిన నేరమునకు పూర్తి పట్టము దక్కని యల్లాప్రగడ సుబ్బారావు. ధనము లేమిచే ఆయన ఈ బ్రిగ్‌హామ్ ఆసుపత్రియందే రాత్రి పరిచారకుడై రోగుల మలమూత్రపాత్రలను శుభ్రముచేసి పొట్టపోసికొనెను. పగలు హార్వర్డు ప్రయోగశాలలో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి పరిశోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొనెను. కండరము ముడుచుకొను ప్రతి క్షణమునను వ్యయమగు నింధన మా రెండే. హృద్రోగి అడుగు తీసి అడుగు వేయుటకు మూలమైన రసాయనమును కనుగొన్నవాడే, అదే ఆసుపత్రిలో కదలనీయని రోగుల పాత్రలు మోసినాడు. 1948లో తన యేబదిమూడవ యేట ఆయనయు గుండెపోటుతో నిద్రలోనే మరణించెను. చరిత్రకారు లీ రెంటిని ఒకచోట చేర్చి చెప్పరు. చేర్చవలసిన విషయమని నా నమ్మకము.

ఆ ఆసుపత్రిలోనే సామ్యుయెల్ లెవైన్ అను వైద్యుడు చిరకాలము పనిచేసెను. గుండె నొప్పిని చెప్పునపుడు రోగి గుప్పిటను రొమ్మున కదిమిపట్టి చూపుననియు, ఆ గుప్పిటయే సగము రోగనిర్ణయమనియు శిష్యులకు బోధించినవా డాయన. రోగిని చూచి నేర్చుకొను అలవాటుగల అట్టి వైద్యుడు, ఇన్ని వారముల పడక గుండెకే కీడుచేయుచున్నదని గ్రహించి 1944లోనే వ్రాసెను. వెల్లకిల పరున్నవాని కాళ్ళలోని రక్తము రొమ్మునకు మరలి ఊపిరితిత్తులను ముంచెత్తును. కాళ్ళు వ్రేలవేసి కూర్చున్నచో ఆ బరువు తగ్గి, గుండె కొంత తేరుకొనును. ఈ యుక్తిని పట్టుకొని ఆయనయు, యువకుడైన బెర్నార్డ్ లౌన్ అను వైద్యుడును కలిసి, ఎనుబదియొక్క మంది రోగులను గుండెపోటు వచ్చిన మొదటి వారమునందే, కొందరిని మొదటి దినముననే, మంచము దింపి చేతుల కుర్చీలో కూర్చుండబెట్టిరి. తొలినాడు గంటయో రెండు గంటలో; పిదప దినదినమునకు నెక్కువ. ఘోరము జరుగునని తోడి వైద్యులు బెదరిరి. ఘోరము జరుగలేదు. రోగుల ముఖములు తేటపడెను, నిద్ర పట్టెను, తాము చచ్చుచున్నామను దిగులు వదలెను. ఈ పరిశీలన 1952లో ప్రకటితమయ్యెను. ఒక కుర్చీకి వైద్యచరిత్రలో ఇంత స్థానము లభించుట అరుదు.

బెడ్‌పాన్ విషయమునను అప్పుడే గుట్టు బయటపడినది. 1950లో న్యూయార్కున రస్క్ అను వైద్యుడును ఆయన తోడివారును కొలిచి చూడగా, రోగి మంచముపైననే దాని మీదికి దేహము నెత్తుకొని చేయు ప్రయాసము, మంచము ప్రక్కనున్న కమోడు కుర్చీపై కూర్చుండుటకంటె నెక్కువ ప్రాణవాయువును వ్యయపరచునని తేలెను. రక్షణ యని తలచి ఇన్నియేండ్లు విధించినదే బరువు.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు గుండెపోటున పడినపుడు ఆయనను చూచినవారిలో ప్రముఖుడు పాల్ డడ్లీ వైట్. 1939 నాటి ఆ మువ్వురిలో నొకడు. ఆయన ఇప్పుడు నడకను, సైకిలును ప్రజలకు ఉపదేశించుచుండెను. రోగి కొలది నెలలకే గోల్ఫు మైదానమున కనబడెను, మరుసటి సంవత్సరమే మరల ఎన్నికయ్యెను. పడక నష్టమును 1966లో డల్లాస్ నగరపు పరిశోధకులు తూచినట్లుగా చూపిరి. ఇరువదేండ్ల ఆరోగ్యవంతులైన యువకు లైదుగురిని మూడు వారములు మంచమున నుంచగా, వారి దేహము పీల్చగల గరిష్ఠ ప్రాణవాయువు నాలుగవవంతుకు పైగా తగ్గెను. ముప్పదియేండ్లకు అదే యైదుగురిని మరల పరీక్షింపగా, ముప్పదియేండ్ల ముసలితనము చేసిన చెరుపు ఆ మూడు వారముల పడక చెరుపుకంటె తక్కువగా నుండెను. ఈ లెక్క చదివిన వైద్యు డెవ్వడును "కదలకుండ పడుకో" యను మాట తేలికగా అనజాలడు.

ఇక ఊపిరితిత్తుల వైపు. లండనుకు చేరువ ఫ్రిమ్లీయందు 1905 ప్రాంతమున తెరచిన క్షయ శానిటోరియమున మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు, నిరుపేద కూలీలకు వ్యాధి ముదిరినను వారు పనిచేయుచునే నిలదొక్కుకొనుట చూచి, విచిత్రమైన పద్ధతి నేర్పరచెను. మొదట కొలిచిన నడక, క్రమముగా పది మైళ్ళ వరకు. పిదప మట్టి నింపిన తట్టలు మోయుట, తట్ట బరువు సుమారు అయిదారు కిలోలు. ఆ పిదప చిన్న పార, పెద్ద పార, తుదకు గునపము. జ్వరమానినియందు కొంచెము వేడి కనబడెనా, వెంటనే రోగి మంచము చేరవలెను. శ్రమ చేయగా వ్యాధివిషము కొంత రక్తమున కలిసి దేహము దానికి అలవాటుపడునని ఆయన సిద్ధాంతము, అది నిలువలేదు. అయినను మోతాదుగా నెక్కించిన పని రోగులకు కాళ్ళనిచ్చినది, ఇంటికి పోయి బ్రతుకుదుమను ధైర్యము నిచ్చినది. తట్ట మోసినవాడు తోట చేసెను, బాట వేసెను; తన చెమట వలన ఒక వస్తువు నిలిచినదని చూచుకొనెను. నేటి ట్రెడ్‌మిల్‌పై ఎన్ని కిలోమీటర్లు నడచినను ఆ తృప్తి కలుగదు. మనము పోగొట్టుకొన్నవానిలో నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

తెలుగునేలపై శానిటోరియమనగానే స్మరణకు వచ్చునది మదనపల్లె చేరువ ఆరోగ్యవరము. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ 1915లో తెరచిన ఆ ఆశ్రమమునకు నలుప్రక్కల జిల్లాలనుండియు రోగులు పొడిగాలిని, పాలను, విశ్రాంతిని వెదకుచు వచ్చెడివారు. ఆ విశ్రాంతి యెంత యవసరమో తేల్చినది మద్రాసు. 1956లో అచ్చట నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రమున వాలెస్ ఫాక్స్ ప్రభృతులు, ఒకే మందులు వాడు రోగులను రెండు తెగలుగా చేసి, ఒక తెగను శానిటోరియమునను, ఇంకొక తెగను తమ యిరుకు గుడిసెలలోనే యుంచి చికిత్స చేసిరి. ఇంటి రోగులకు తిండి తక్కువ, పని యెక్కువ, విశ్రాంతి నామమాత్రము. 1959లో ఫలితములు ప్రకటించగా రెండు తెగలు సమానముగా కోలుకొనియుండెను. లోకమందలి శానిటోరియములను ఖాళీ చేయించిన పరిశోధన ఇది. మన దక్షిణదేశపు బీద కుటుంబములు దానికి సాక్ష్యమిచ్చినవి.

శానిటోరియములు ఖాళీ యగుటయే మంచిది. కాని వానితోపాటు తట్టల విద్యయు మరుగునపడినది. మందుతో క్షయ నయమైనను మచ్చలుపడిన ఊపిరితిత్తులు మిగులును. కట్టెపొయ్యి పొగను నలువదియేండ్లు పీల్చిన తల్లులకు, చుట్ట బీడీలు కాల్చినవారికి ఆయాసము మిగులును. 1952లో అల్వన్ బరాక్ అను వైద్యుడు ప్రాణవాయువు పెట్టుచు ఇట్టివారిని నడిపించి, పిదప అది లేకయు నడువగలుగుట చూచెను. అయినను వారిని కదలనీయని భయము మరి రెండు దశాబ్దములు వైద్యులను వదలలేదు. పిదప, ఇట్టి రోగి ఎంత దూరము నడువగలడో కొలుచుటకు 1976లో పండ్రెండు నిమిషముల నడక పరీక్షయు, 1982లో దానిని కుదించిన ఆరు నిమిషముల పరీక్షయు వచ్చినవి.

ఆ పరీక్షను ఒక ఆసుపత్రి వసారాలో దగ్గర నుండి చూచితిని. ముప్పది మీటర్ల దూరమున రెండు రంగు శంకువులు. వేలికి తగిలించిన చిన్న యంత్రము. లుంగీపై తువ్వాలు వేసుకొన్న వృద్ధుడు. ప్రక్కన గడియారముతో ఫిజియోథెరపీ చేయించు నమ్మాయి. "ఇంకా ఎంతసేపమ్మా?" అని ఆయన. "నాలుగు నిమిషాలైంది తాతగారూ, ఆయాసమొస్తే ఆగండి, గోడకానుకోండి, మళ్ళీ నడుద్దురుగాని" అని ఆమె. ముగిసిన పిదప ఆయాసమెంత యని అడిగి, ఆయన చెప్పిన అంకెను వ్రాసికొనెను. స్వీడన్ దేశపు గున్నార్ బోర్గ్ కల్పించిన కొలత అది. రోగి తన శ్రమను తానే అంకెలో చెప్పును. సుశ్రుతుని సగబలపు గుర్తునకు ఇది దూరపు చుట్టమని నాకు తోచినది. నడచుచు మాటాడగలుగునంత వేగమే తగిన వేగమని ఆమె ఆ వృద్ధునికి నేర్పుచుండెను.

ఆ వృద్ధునికి లభించినది అందరికి లభించుట లేదు. బైపాస్ శస్త్రచికిత్స యైనవానికి మన ఆసుపత్రులలో మూడు బంతుల గొట్టము పీల్చుట, దగ్గునపుడు తలగడను రొమ్మునకు హత్తుకొనుట చక్కగా నేర్పుదురు. ఇంటికి పంపునాటి చీటీలో మాత్రము గోలీల పేర్లు నిండుగా నుండి, అడుగున "విశ్రాంతి" యని యొక్క మాట యుండును. ఇంటివా రా మాటను అక్షరాల పాటించి, మంచినీళ్ళ గ్లాసుకైనను ఆయనను లేవనీయరు. గోలీల ప్రక్కనే, నేటినుండి ఎన్ని మీటర్లు నడువవలెనో, దినమున కెన్ని మారులో, ఏ గుర్తు కనబడిన ఆగవలెనో వైద్యుడు స్వహస్తముతో వ్రాయవలెను. రోగి మరల వచ్చినపుడు రక్తపుపోటు చూచినట్లే ఆ అంకెను చూచి పెంచవలెను.