కఱవుసీమలును గ్రామక్రీడలును

దేశచరిత్రము వ్రాయువారు రాజవంశములను, యుద్ధములను, దానశాసనములను విచారించినంతగా గ్రామములయందలి యాటలను విచారింపరైరి. ఒక జనపదమునందు ఆట నశించినచో దానితోఁ గొన్ని పదములును, కొన్ని మర్యాదలును నశించును. చిత్రావతీతీరమందలి గోరంట్లయుఁ దత్పరిసరగ్రామములును గల యీ మిట్టసీమ కఱవులకుఁ బేరువడినది. ఇట్లే మహాక్షామముచే దెబ్బతిన్న ఐర్లండుదేశమునఁ బల్లెపట్టుల యాట యొకటి మరల నెట్లు నిలఁద్రొక్కుకొనెనో తెలిసికొనుట మనకుఁ బ్రయోజనకరమని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆ యాటకు ఆంగ్లమున 'హర్లింగు' అని పేరు. పక్షమునకుఁ బదునేనుగురు, చేతిలో యాషుచెట్టు కొయ్యతోఁ జేసిన, తుద వంపు తిరిగిన కఱ్ఱ, కొట్టుటకుఁ జిన్న తోలుబంతి. కఱ్ఱకు ఐరిష్ భాషలో 'కమాన్' అని పేరు. 'కమ్' అనఁగా వంకర. మన వాడుకయందున్న పారసీకపు 'కమాను' శబ్దము దీనిని బోలియున్నను, ఒక్క ధ్వనిసామ్యమును బట్టి సంబంధము నిర్ణయించుట శాస్త్రసమ్మతము గాదు. ఆట మాత్రము మిక్కిలి ప్రాచీనము. సెటాంట యను బాలుఁడు మీఁదఁబడవచ్చిన కావలికుక్కను కఱ్ఱతోను బంతితోను గూల్చి, కూ హులిన్ అను వీరుఁడుగాఁ బ్రసిద్ధి కెక్కెనని యచ్చటి పురాణకథ.

1845వ సంవత్సరమున ఉర్లగడ్డపైరునకుఁ దెగులు సోఁకి ఐర్లండున మహాక్షామము దాపురించెను. సుమారు 10 లక్షల జనులు మరణించిరి. ఇంచుమించుగా నంతమందియే దేశాంతరములకు వలసపోయిరి. పల్లెలు పాడువడఁగా నాటయుఁ బలుతావుల సన్నగిల్లెను. 1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ పట్టణమున హేస్ అనువారి హోటలునందుఁ గొందఱు కూడి గేలిక్ వ్యాయామసంఘమును స్థాపించిరి. వారిలో ముఖ్యుఁడు ఉపాధ్యాయుఁడైన మైకేల్ క్యూసాక్. తొలి యధ్యక్షుఁడు ప్రసిద్ధవ్యాయామవీరుఁడైన మారిస్ డేవిన్. సంఘమువారు చేసిన ముఖ్యకార్యములు రెండు. తావునకొక తీరుగా నున్న యాటకు లిఖితనియమముల నేర్పఱచుట మొదటిది. ఒక్క క్రైస్తవదేవాలయపరిధికి లోఁబడిన గ్రామసముదాయమును, అనఁగా 'పారిష్'ను, సంఘమునకుఁ బ్రాతిపదికగాఁ గొనుట రెండవది. ఆటకాఁడు తన యూరి పక్షముననే నిలుచును; ఆటకు జీతము గైకొనఁడు. ఈ మర్యాద నేఁటికిని జెల్లుచున్నది.

స్త్రీల యాట చరిత్రము భాషావేత్తలకు మఱింత హృద్యము. కందుకక్రీడ స్త్రీలకుఁ దగనిది గాదని దశకుమారచరితమందలి కందుకావతీవృత్తాంతమువలన మనకుఁ దెలియును. ఐర్లండున 1893లో వెలసిన గేలిక్ భాషాసమాజమునఁ జేరిన యువతులు, పురుషుల 'కమాన్' కంటెఁ బొట్టిదైన 'కమోగ్' అను కఱ్ఱతో నాడఁదలఁచిరి. అప్పుడు 'తోర్న' యను కలముపేరు గల పండితకవి టైగ్ ఉవ డొన్నఖ ఆ శబ్దమునుండియే యాటకు నామమును నిష్పన్నము గావించెను. అదియే నేఁటి 'కమోగీ'. 1904 జూలై 17వ తేదీన నావన్ పట్టణమున మొదటి బహిరంగపుఁ బోటీ జరిగెను. పక్షమునకుఁ బండ్రెండుగురుగా నాడుచు వచ్చిన స్త్రీలు 1999 నుండి పురుషులవలెఁ బదునేనుగురుగా నాడుచున్నారు.

ఈ ప్రయత్నముల ఫలమునకు స్లాఖ్త్‌నీల్ అను చిన్నపల్లె నిదర్శనము. అది ఉత్తర ఐర్లండున డెర్రీ మండలమందున్నది. దాని క్రీడాసంఘము 1953లో స్థాపితమై, 1803లో నురిదీయఁబడిన దేశభక్తుఁడు రాబర్ట్ ఎమెట్ పేరు దాల్చినది. 2016లో నా పల్లెవారు గేలిక్ ఫుట్‌బాలు, హర్లింగు, కమోగీ మూఁటియందును అల్‌స్టర్ రాష్ట్రపుఁ బెద్దపోటీలు గెలిచిరి. స్త్రీల జట్టు 2017, 2018, 2019 సంవత్సరములలో వరుసగా నఖిల ఐర్లండు సంఘవిజేతగా నిలిచినది. ఆ పల్లెపట్టున బిడ్డలకు ఐరిష్ భాషలోనే విద్య గఱపు పాఠశాలయు నెలకొన్నది. ఆటయు భాషయు నచ్చట నొక్క చెట్టు కొమ్మలు.

ఇఁక మన సీమ. 1876–78 నాఁటి మహాక్షామము దీనినిఁ బీడించెను. పిదప 1882లో ననంతపురము బళ్లారినుండి వేఱుజిల్లా యయ్యెను. అందలి గోరంట్ల 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఏఁటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తప్పినపుడు యువకులు బ్రదుకుదెరువునకై బెంగుళూరు త్రోవ పట్టుదురు. 1969లో ననంతపురమునకు వచ్చిన స్పెయిన్ దేశీయుఁడు విసెంటె ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధిసంస్థ కాలక్రమమునఁ గ్రీడాంగణమును గూడ నిర్మించెను. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు అచ్చట జరిగెను. ఇది స్తుత్యము. మన సొంత యాటల గతి మాత్రము వేఱు. తెలుఁగునాఁటఁ జెడుగుడు అని పిలువఁబడు ఆట 'కబడ్డీ' యను పేర నియమబద్ధమై 1990లో ఆసియాక్రీడలందుఁ జేరినది. 2010 నుండి స్త్రీలకును నందుఁ దావు కలిగినది. ఆటకుఁ గీర్తి వచ్చెను. మన పేరు వెనుకఁబడెను.

పేరు పోయిన నేమి యందురా? మహారాష్ట్ర బాలురు మన బిళ్లంగోడు వంటి 'విటీదాండు'లో 'వకట, లేండ, మూండ, నాల' అని లెక్కించుట కలదు. ఇవి మన ఒకటి, రెండు, మూఁడు, నాలుగులను బోలియున్నవి. ఇచ్చటి సామ్యము కమానుశబ్దమునందువలె నొక్క ధ్వనికి మాత్రమే కాదు; క్రమమునకును, బ్రయోజనమునకును గలదు. కావున నిది ప్రమాణకోటిలోనిది. శాసనము పలుకని చోటఁ బిల్లల యాట సాక్ష్యము పలుకుచున్నది.

కావునఁ బాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. మీ మీ గ్రామములందు వృద్ధుల నడిగి, వారి చిన్ననాఁటి యాటల పేళ్లు, లెక్కపెట్టు మాటలు, ఓటమిగెలుపుల పదములు, నియమములు వారు పలికినట్లే వ్రాసికొనుఁడు. బాలికల యాటలను విడువకుఁడు. నిఘంటువులందుఁ జేరని పదములే యందు హెచ్చుగా నుండును. ఐర్లండునఁ గఱవు ముగిసిన కొలఁది దశాబ్దములలోనే యుపాధ్యాయుఁడు నియమములకును, బండితుఁడు నామమునకును బూనుకొనిరి. మన కఱవు గడచి నూఱేండ్లు దాఁటినది. ఆ పదముల నెఱిఁగిన పెద్దలు దినదినమునకుఁ దఱిగిపోవుచున్నారు.