బడంగ్‌పేట్ పెంకుటిళ్లు అందాజు పని కాదు

బడంగ్‌పేట్ గ్రామకంఠంలో ఒక పాత పెంకుటిల్లు కూలుతుంటే చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు అనే మాట ఉంది: "అప్పటి వడ్లాయనకు లెక్కలేం తెలుసు, కంటితోని చూసి కొట్టేటోడు." ఊరి గురించి రాసేవాళ్లదీ ఇదే ధోరణి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది, నడుమ ప్లాట్ల ధరలు పెరిగాయి. వాళ్ల దృష్టిలో చరిత్ర అంతే. పక్కనున్న బాలాపూర్‌కు 1994 నుంచి లడ్డు వేలం ఉంది కాబట్టి ఏటా పత్రికలవాళ్లు వస్తారు. ఇక్కడి ఇళ్ల కప్పుల కోసం ఎవరూ రారు.

అందాజు అన్న మాట మాత్రం శుద్ధ తప్పు.

16 అడుగుల వెడల్పున్న ఇల్లు తీసుకుంటే కొప్పు నుంచి గోడ దాకా అడ్డం 8 అడుగులు. కొప్పు 6 అడుగులు లేపితే వాసం పొడవు సరిగ్గా 10 అడుగులు. గోడ దాటి చూరుకు వాసం మీదుగా మరో 2 అడుగులు వదిలితే చూరు బయటికి 1.6 అడుగులే వస్తుంది, కిందికి 1.2 అడుగులు దిగుతుంది. దర్వాజ ఎత్తు ముందే చూసుకోకపోతే చూరు తలకు తగులుతుంది. కొప్పు దూలం మందం 4 అంగుళాలైతే ఒక్కో వాసం కొసన రెండున్నర అంగుళాలు తగ్గించి కోయాలి. గోడమీది దూలంపై కూర్చునే గాటు లోతు ఎక్కువైతే వాసం అక్కడే విరుగుతుంది. ఇదంతా కంటిచూపుతో తేలేది కాదు. నేలమీద జాజు దారం కొట్టి అసలు కొలతలోనే కప్పు గీస్తారు, దాని మీద మొదటి వాసం కోస్తారు, మిగతావన్నీ దాన్ని పెట్టి కొలిచి కోస్తారు. కాగితం లేనంత మాత్రాన లెక్క లేనట్టు కాదు.

ఇక భవంతి ఇల్లు. నాలుగు వైపుల కప్పులూ నడిమి వాకిలికి వాలి మూలల్లో కలుస్తాయి. అక్కడ పడే మూలవాసానిదే అసలు పరీక్ష. అదే కొలతల్లో అది 12 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలకు కాస్త పైన వస్తుంది, రెండు కొసలూ ఏటవాలుగా తెగాలి. ఆ మూలకు చేరే వాన నీళ్లన్నీ దాని మీదుగానే దిగుతాయి కనుక అరంగుళం తేడా వచ్చినా ఆ మూల కారుతుంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసి శతాబ్దాలైంది. క్షేత్రగణితం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. దాన్ని బాడిశతో, మూలమట్టంతో చేసి చూపినవాడిని చదువురానివాడని కొట్టిపారేయడం అన్యాయం.

అటువైపు పొగడ్త కూడా మితిమీరింది. బెంగుళూరు పెంకు ఇంటిని చూపించి మూడు వందల ఏళ్ల నాటిదనేవాళ్లున్నారు. బెంగుళూరు పెంకని ఇక్కడ పిలిచే ఆ మంగళూరు పెంకు తొలి ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ మంగళూరులో పెట్టింది 1865లో. పెంకు అంతకంటే పాతది కాలేదు. కప్పు కర్ర మాత్రం కావచ్చు, ఎందుకంటే గూనపెంకు తీసి బెంగుళూరు పెంకు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. గూనపెంకు కింద బద్దలు దగ్గరదగ్గరగా ఉంటాయి. బెంగుళూరు పెంకుకు సుమారు అడుగుకొక బద్ద సరిపోతుంది. కాబట్టి వాసాల మీది పాత మేకుల గుర్తులు చూస్తే కప్పు మారిందా లేదా తెలిసిపోతుంది. గూనపెంకు వంకర తాటి వాసాన్నైనా ఓర్చుకుంటుంది. బెంగుళూరు పెంకుకు ఒక్క వాసం పైకి లేచినా సందు పడుతుంది.

కూల్చేవాళ్లు ముందు పెంకులు, తర్వాత టేకు దింపుతారు. ఆ రెండు పనుల నడుమ ఒక పూట చాలు. మూలవాసం పొడవు, కొప్పు ఎత్తు, మేకు గుర్తుల మధ్య దూరం రాసి, రెండు ఫొటోలు తీసి మున్సిపల్ ఆఫీసులో పెట్టించే బాధ్యత వార్డు పెద్దలు తీసుకోవాలి. ఆ తర్వాత కర్ర పాత సామాను దుకాణానికి పోయి దర్వాజ చట్రాలుగా తెగుతుంది.