రచ్చబండ నుంచి మన బడి వరండా దాకా: పులిజూదం కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది వరండా చివర గచ్చు మీద సుద్దముక్కతో గీసిన ముక్కోణం. అన్నాల గంట కొట్టగానే దాని చుట్టూ చేరినవాళ్ళలో ఈ సంచిక చదువుతున్న మీరూ కొందరున్నారు. పులిజూదం, పులి-మేక, మేకాపులి... ఎవరి ఊళ్ళో ఏ పేరున్నా ఆట ఒకటే. దాని చరిత్ర నాలుగు మాటల్లో చెప్పాలని ఈ ప్రయత్నం.

జూదం అనే మాట సంస్కృతంలోని ద్యూతం నుంచి వచ్చింది. కానీ ఈ జూదంలో పాచికలు లేవు, గవ్వలు వేయడం లేదు, పందెం అక్కర్లేదు. అదృష్టానికి చోటే లేదు. శిఖరం నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటి మీదుగా మూడు అడ్డగీతలు. ఆ అడ్డగీతల కొసలను రెండు పక్కలా నిలువు గీతలు కలుపుతాయి. అన్నిటికీ కింద అడుగు గీత. శిఖరం దగ్గర ఒకటి, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 కూడళ్ళు. పులులు 3, మేకలు 15.

పులులు ముందే పటమెక్కి కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా కదులుతుంది. పక్కనున్న మేకకు అవతల అదే గీత మీద ఖాళీ ఉంటే దూకి చంపుతుంది. మేకకు చంపే హక్కు లేదు. మూడు పులులకూ దారులు మూసేయడమే దాని గెలుపు.

ఒకసారి గచ్చు పాడుచేశామని కేకలేయడానికి వచ్చిన మా లెక్కల మాస్టారు కాసేపు నిలబడి చూసి, "ఇరవైమూడులో పద్దెనిమిది పోతే ఎన్నిరా?" అని అడిగారు. ఐదు. అంటే మేకలన్నీ బతికుంటే పటం మొత్తం మీద ఐదే ఖాళీలు. ఒక మేక చస్తే ఆరు. ఐదు చస్తే పది. అప్పుడు మిగిలిన పది మేకలతో పులులను ఆపడం దాదాపు అయ్యే పని కాదు. "మొదటి మేకను పోగొట్టుకున్నప్పుడే జాగ్రత్తపడాలి, ఐదోదాని దగ్గర కాదు" అని చెప్పి వెళ్ళిపోయారు. గచ్చు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఆట ఎంత పాతది? 1336 నుంచి 1565 వరకు విజయనగర రాజధానిగా ఉన్న హంపీలో మండపాల నేల మీద, బండల మీద రకరకాల ఆటల పటాలు చెక్కి ఉన్నాయి. 2003లో ఆర్. వసంత, 2007లో జాన్ ఫ్రిట్జ్, డేవిడ్ గిబ్సన్ వాటి మీద వ్యాసాలు ప్రచురించారు. అయితే ఒక మెలిక ఉంది. మండపం కట్టిన కాలం తెలిసినంత మాత్రాన దాని నేల మీద గీతలు గీసిన కాలం తెలిసినట్టు కాదు. కట్టిన పనివాళ్ళే గీశారో, రెండు వందల ఏళ్ళ తర్వాత నీడకు కూర్చున్న పశువుల కాపరి గీశాడో రాయి చెప్పదు. ఈ ఆట ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూసి నేర్చుకున్నది. కాబట్టి ఆడినవాళ్ళ జ్ఞాపకమే దీనికి పెద్ద ఆధారం.

దీని బంధువులు దూరదేశాల్లోనూ ఉన్నారు. నేపాల్ వారి బాఘ్ చాల్‌లో 25 కూడళ్ళు, నాలుగు పులులు, ఇరవై మేకలు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే అందులో గెలుపోటములు ఉండవని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చారు. ఐరోపాలో నక్క-బాతుల ఆట ఉంది. అక్కడా ఒంటరి నక్కకే చంపే హక్కు, బాతులకు చుట్టుముట్టే హక్కు.

ఇక మన విశాఖ సంగతి. మా ఊరి రచ్చబండ మీద పులిజూదం పటం చెక్కి ఉండేది. వేళ్ళు రాసీ రాసీ గీతలు నున్నబడ్డాయి. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. నాకు ఆట నేర్పింది మా తాత. "ఒరే గుంటడా, మేకనెట్టే ముందు దాని ఎనకాల కాళీ ఉందో నేదో సూడు" అనేవాడు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. తర్వాతి ఏళ్ళలో మా ఊరితో పాటు చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి వైపు నిర్వాసిత కాలనీలు వెలిశాయి. బండి మీద మంచాలు, గంగాళాలు, మేకలు కూడా ఎక్కాయి. రచ్చబండ ఎక్కలేదు. తాతతో రోజూ ఆడే ముసలాయనకు ఇంకో కాలనీలో స్థలం వచ్చింది. ఒక్కడే ఆడే ఆట కాదుగా! తాత గులకరాళ్ళు చాలాకాలం గూట్లోనే ఉండిపోయాయి.

ఆ ఆట నాకు మళ్ళీ దొరికింది మన బడి వరండాలో. నిర్వాసితుల పిల్లలు, ఓడరేవు కార్మికుల పిల్లలు, శ్రీకాకుళం నుంచి పనికి వచ్చినవాళ్ళ పిల్లలు ఒకే గచ్చు మీద కూర్చున్నాం. ఒకడి ఊళ్ళో పులి ఒకే ఊపులో రెండు మేకల మీద దూకవచ్చు, ఇంకొకడి ఊళ్ళో కూడదు. ఒకరికి ఐదు మేకలు చస్తే ఓటమి, ఇంకొకరికి అన్నీ చావాలి. ఎంత కొట్లాడుకున్నాం! చివరికి ఆటకు ముందు "ఎవరి ఊరి లెక్క?" అని అడిగి మొదలుపెట్టడం అలవాటైంది. ఇప్పుడు లేని ఊళ్ళ పేర్లు ఆ వరండాలో రోజూ వినిపించేవి.

అందుకే పూర్వ విద్యార్థులకు, గురువులకు ఒక మనవి. మీ ఊళ్ళో ఈ ఆటకున్న పేరు, పటం, కాయల లెక్క, గెలుపు లెక్క ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే అడగండి. ఉత్సవం రోజు వరండా చివర కలుద్దాం. సుద్దముక్క నేను తెస్తాను, చింతగింజలు మీరు తెండి. తాత గులకరాళ్ళు మూడూ నా దగ్గరే ఉన్నాయి.